కుడి చేతికి ఎడమ మెడ

బ్లేడుని కాగితంలో ఉండగానే మధ్యకి విరిచి, ఒక సగాన్ని కత్తిపిడిలో బిగించి, రెండో సగాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు పేచ్చిముత్తు. ఉదయం ఆరున్నర. మగవాళ్ళ వార్డులో పదకొండో నంబరు మంచం మీద హెర్నియా మనిషి కళ్ళు బిగించుకుని పడుకున్నాడు.

"కళ్ళెందుకయ్యా మూస్తావు? నేను గీసేది అక్కడ కాదుగా," అన్నాడు పేచ్చిముత్తు.

ఆ మనిషి ఫక్కున నవ్వాడు. నవ్వగానే బిగబట్టిన పొట్ట వదులైంది, కత్తి తన పని మొదలుపెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే మాట, ఇదే నవ్వు. ఒక్కసారీ తప్పలేదు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టిగా, బండగా ఉంటాడు. ట్రే మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. కుడి చూపుడువేలి పక్కన పిడి ఒరుసుకుని కాయ కాసింది. తిరునెల్వేలి రైల్వే స్టేషనుకి నాలుగు వీధుల అవతల ఉన్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో అతని పని ఒక్కటే: ఎవరికి ఎక్కడ కొయ్యబోతారో అక్కడ వెంట్రుక లేకుండా గీయడం. పొట్టలు, తొడలు, తలకాయలు, మెడలు. ఊళ్ళో సగంమంది పెద్దమనుషుల్ని బట్టల్లేకుండా చూసినవాడు. వాళ్ళలో ఒక్కడు కూడా బజార్లో ఎదురుపడితే గుర్తుపట్టినట్టు కనపడడు.

అందుకేనేమో, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. సబ్బు మార్చారని కోపం, ఎక్కడ గీయాలో రాసిన స్లిప్పు గోడకేసి విసిరారని కోపం, 'రేయ్' అన్నవాడి మీద వారం రోజుల కోపం. మామూలు కోపమైతే నోరు పారేసుకుంటాడు. అది హద్దు దాటితే మాత్రం నోరు కుట్టేసుకుంటాడు. మూడో అంతస్తులో ఆపరేషన్ గది ఎదురుగా ఉన్న చెక్కబెంచీ మీదికెళ్ళి కూర్చుంటాడు. పిలిస్తే పలకడు, ఇస్తే తీసుకోడు. 'అణ్ణాచ్చి మౌనవ్రతం పట్టాడు' అంటారు, అతన్ని అన్నగా పిలిచే నర్సులు. కొత్తగా చేరిన పిల్లలకి పాతవాళ్ళు మొదటి వారంలోనే చెప్పేస్తారు: కదిలించకండి, దానంతటదే దిగుతుంది, మూడు గంటలు. ఇంట్లో భార్య వడివు కూడా అంతే, కంచం పక్కన పెట్టి తన పని తాను చూసుకుంటుంది.

ఇంకో కోపం ఉంది, అది పుట్టుకతో వచ్చింది. అక్కడి భాషలో మరుత్తువర్ అంటే వైద్యుడు. సర్కారు కాగితాల్లో పేచ్చిముత్తు కులం పేరూ అదే. తాత ఎముకలు కట్టేవాడు, నాన్న గడ్డాలు గీసి కురుపులు కోసేవాడు, నాయనమ్మ నాలుగు ఊళ్ళ కాన్పులు చేసింది. ఊరు వాళ్ళ చేత వైద్యం చేయించుకుని, పిలవడానికి మాత్రం వేరే మాట వాడింది. ఆ మాట ఇక్కడ రాయనక్కర్లేదు. తర్వాత కోటు వేసుకున్నవాళ్ళు వచ్చారు, తలుపుల మీద మరుత్తువర్ అని బోర్డులు పెట్టుకున్నారు. పేచ్చిముత్తుకి కత్తి మిగిలింది.

ఇవాళ గురువారం. గురువారం గురువారం మదురై నుంచి డాక్టర్ తిరవియం వస్తాడు. మెడలో తలకి రక్తం తీసుకెళ్ళే గొట్టం ఒక్కో పక్కన ఒకటి ఉంటుంది. పాత కుళాయిలో గార పట్టినట్టు దాని లోపల కొవ్వు పేరుకుపోతుంది. అందులోంచి ఒక పెచ్చు ఊడి తలకెక్కిందంటే మనిషి పడిపోతాడు. తిరవియం ఆ గొట్టాన్ని నిలువునా చీల్చి, గార గీకేసి, మళ్ళీ కుడతాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన కోసే ప్రతి మెడా ముందు పేచ్చిముత్తు చేతి కింద నుంచే వెళ్ళింది. ఆయన బంధువులకి బొమ్మ గీసి చెప్తుంటే పక్కన సబ్బు కలుపుతూ విన్నాడు. కుడి చెయ్యి పడిపోతే మెడలో ఎడమ పక్క చెడినట్టు. కన్ను మసకైతే మాత్రం ఏ పక్క కన్నో ఆ పక్క మెడే. గొట్టం బాగా పూడిపోయి ఉంటే చర్మం మీద వేళ్ళు ఆనిస్తే చాలు, డబ్బాలో పడ్డ తుమ్మెదలా ఝుమ్మంటుంది. ఇది ఎవరూ నేర్పలేదు, వేళ్ళే కనిపెట్టాయి.

మూడు వారాల కిందట పేచ్చిముత్తు ఎడమ కంటికి తెర దిగింది. ఐదు నిమిషాల్లో పోయింది. మొన్న సోమవారం బాత్రూములో సొంత గడ్డం గీసుకుంటుంటే కుడి చేతిలోంచి కత్తి జారి సింకులో పడింది. అద్దంలోకి చూస్తూ, ఎడమ చేతి వేళ్ళు రెండు తన మెడ మీదే ఆనించుకున్నాడు. ఎడమ పక్క. తుమ్మెద ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెయ్యి జారే మంగలిని ఏ ఆసుపత్రి ఉంచుకుంటుంది? కానీ వడివు కంటపడనే పడింది. పొద్దున్న ఇడ్లీ మీద కారప్పొడి వేస్తూ, "ఇవాళ మదురై డాక్టరుకి చెప్తావా, నేనొచ్చి చెప్పనా?" అంది.

"చెప్తానే, నా ప్రాణం తీయకు!" అని కసిరి వచ్చాడు. చెప్పాలనే వచ్చాడు. ఒక్క మాట, ఒక్క మనిషికి. వార్డులో కుర్ర డాక్టర్లకి కాదు, తిరవియానికి.

ఏడు గంటలకి ఆ రోజు మెడ దగ్గరికి వెళ్ళాడు. పద్నాలుగో మంచం, ఆవుడైయప్పన్, శంకరన్‌కోవిల్ రూటులో బస్సు కండక్టరు. కాళ్ళ దగ్గర భార్య గోమతి తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. ట్రేలో స్లిప్పు: మెడ, కుడి పక్క.

"ఏమైంది కండక్టరు గారూ?"

"టిక్కెట్టు చింపుదామంటే కట్ట చేతిలోంచి జారిపోయింది అణ్ణాచ్చీ. తాగి డ్యూటీకొచ్చావా అని బస్సంతా నవ్వారు. నేను జన్మలో తాగలేదు."

"ఏ చెయ్యి?"

"ఇదే, కుడిది."

"కళ్ళకేమన్నా అయిందా?"

"ఎడమ కంటికి అయింది. కొట్టు షట్టరు దించినట్టు దిగింది, మళ్ళీ లేచింది."

పేచ్చిముత్తు ట్రే కింద పెట్టాడు. గడ్డం కింద రెండు వేళ్ళు మెత్తగా ఆనించాడు. కుడి పక్క నాడి బుద్ధిగా కొట్టుకుంటోంది. ఎడమ పక్క ఝుమ్మంటోంది. స్లిప్పు మళ్ళీ చదివాడు. కుడి అనే ఉంది.

"సిస్టర్!"

జెబమణి సిస్టర్ మందుల బండి వదిలి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ వార్డు ఆమెదే.

"కుడి అని రాశారు. ఇది ఎడమ."

"పొద్దున్నే మొదలుపెట్టకండి అణ్ణాచ్చీ. స్లిప్పులో ఏముంటే అది గీయండి."

"చెయ్యి కుడిదైతే మెడ ఎడమది సిస్టర్. మీకూ తెలుసు."

"నాకు తెలిస్తే ఏం లాభం? డాక్టరు రాశాడు."

"ఆ కుర్ర డాక్టరుకి కుడి చెయ్యి కనపడింది, కుడి అని గిలికేశాడు. ఫైలులో పేజీ తిప్పలేదు."

గోమతి లేచి నిలబడింది. "ఏ పక్కో మీకే తెలీదా అమ్మా?" అంది. సిస్టర్ బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

పేచ్చిముత్తు ఎడమ పక్క సబ్బు రాశాడు. చెవి వెనక నుంచి దవడ మీదుగా, దవడ నుంచి గొంతెముక దాకా, అక్కడి నుంచి భుజం ఎముక దాకా, చర్మాన్ని ఎడమ చేత్తో సాగదీస్తూ గీశాడు. గాటు పడలేదు. కుడి పక్క నాలుగు రోజుల గడ్డాన్ని ముట్టుకోలేదు.

ఏడున్నరకి డాక్టర్ కదిర్వేలన్ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, రెండు రోజులుగా ఇంటికెళ్ళలేదు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అతనిదీ పాపం కష్టమే. కానీ నిద్ర లేనివాడికి ఎదుటివాడి మెడ మీద హక్కులేమీ రావు.

"పేచ్చీ, నిన్నెవడు ఎడమ గీయమన్నాడు?"

"జబ్బు గీయమంది సార్."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"అవును, మరుత్తువర్నే. తాసీల్దారు సంతకం పెట్టిన సర్టిఫికెట్టుంది. ఇంటికెళ్ళి తెమ్మంటారా?"

వార్డంతా ఘొల్లుమంది. హెర్నియా మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. కదిర్వేలన్ మొహం కందగడ్డ అయింది. ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వకపోయి ఉంటే అతను ఫైలు తెరిచేవాడేమో. స్కాను రిపోర్టు అందులోనే ఉంది, నాలుగో పేజీలో. తిప్పితే చాలు. కానీ ఇప్పుడు తిప్పితే ఒక మంగలి మాట విని తిప్పినట్టవుతుంది. అంత అవమానం కంటే మనిషి మెడ తప్పు పక్క కోయడం తేలిక.

"నోరు మూసుకుని కుడి పక్క గీయి. లేకపోతే నిన్ను పనిలో పెట్టిన కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తాను, రేపట్నుంచి రానక్కర్లేదు."

"చేయండి. అదే ఫోనుతో మదురై ఆయనకి కూడా చేయండి."

"గీస్తావా, గీయవా?"

"చచ్చినా గీయను," అని కత్తిపిడిని ట్రేలో పడేశాడు పేచ్చిముత్తు.

చివరికి కుడి పక్క జెబమణి సిస్టరే గీసింది. అలవాటు లేని చెయ్యి, మూడు చోట్ల రక్తం చిమ్మింది. ఆవుడైయప్పన్ ఒక్కసారీ అబ్బా అనలేదు, కళ్ళతో పేచ్చిముత్తునే వెతికాడు. కదిర్వేలన్ ఊదారంగు పెన్నుతో కుడి మెడ మీద బాణం గీసి, దాని కింద సంతకం కూడా పెట్టాడు.

పేచ్చిముత్తు మూడో అంతస్తుకి ఎక్కి లిఫ్టు ముందు నిలబడ్డాడు. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది, తొమ్మిదైంది. ఒళ్ళంతా మండుతోంది. కుడి చేతి వేళ్ళు రెండుసార్లు మొద్దుబారి మళ్ళీ తేరుకున్నాయి. పిడికిలి బిగించి విప్పాడు. ముందు కండక్టరు సంగతి, తర్వాత నాది, అనుకున్నాడు.

తొమ్మిదిన్నరకి లిఫ్టు తెరుచుకుంది. తిరవియం పొడుగాటి మనిషి, తల పండిపోయింది, చేతిలో టిఫిన్ డబ్బా. వెనకాలే కదిర్వేలన్.

"అయ్యా, కండక్టరుకి తప్పు పక్క బాణం వేశారు. ఎడమది అయ్యా. చెయ్యి కుడిది, కన్ను ఎడమది, మెడ ఎడమ పక్కే మోగుతోంది."

"సార్, ఇతను పొద్దున్నించీ ఇదే గొడవ. వార్డులో పేషెంట్లందరి ముందూ నన్ను..."

తిరవియం చెయ్యెత్తాడు. నేరుగా, ఆపరేషన్ గది ముందు కండక్టరుని పడుకోబెట్టిన తోపుడు మంచం దగ్గరికి నడిచాడు. స్టెతస్కోపు ఎడమ పక్క పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కుడి పక్క పెట్టాడు. ఫైలు తెప్పించుకుని నాలుగో పేజీ తిప్పాడు. అంతా రెండు నిమిషాలు పట్టలేదు. స్పిరిట్ దూది తీసుకుని ఊదారంగు బాణాన్ని తనే తుడిచేశాడు.

"ఎడమ. లోపలికి తీసుకెళ్ళండి," అన్నాడు.

గోమతి కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరగిలబడింది. కదిర్వేలన్ కేసు కాగితం మీద ఏదో రాశాడు. జెబమణి సిస్టర్ అతని భుజం మీదుగా చదివింది: వార్డు డాక్టరు పునఃపరిశీలనలో గుర్తించి సరిదిద్దడమైనది. చదివి, కిందికి దిగిపోయింది.

తిరవియం ఆపరేషన్ గది తలుపు తోస్తున్నాడు. పేచ్చిముత్తు పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

"అయ్యా, ఒక్క మాట. నాకు కూడా..."

"చాలా మంచి పని చేశావు పేచ్చీ. తర్వాత మాట్లాడదాం, తర్వాత."

తలుపు మూసుకుంది. తలుపు మీద బోర్డు: మరుత్తువర్లకు మాత్రమే ప్రవేశం. పేచ్చిముత్తు దాని ముందు కాసేపు నిలబడ్డాడు. కండక్టరు మెడ కాపాడాడు, సంతోషించాలి. సంతోషం రాలేదు. తర్వాతట. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ భవనంలో అతనికి దొరికింది ఆ 'తర్వాత' అనే మాటే. తిట్టడానికి నోరు తెరిచాడు, వినడానికి ఎవరూ లేరు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. గోడ గడియారంలో పదికి పది నిమిషాలు.

ముందు కుడి చెయ్యి పోయింది. తొడ మీద పెట్టుకున్న చెయ్యి తొడ పక్కకి జారింది, జారినట్టు తెలియలేదు. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకెవరి చెయ్యో ఎత్తినట్టుంది. కాలూ అంతే. అయింది, అనుకున్నాడు. ఎవరినైనా కేకేద్దామని చూశాడు. లోపల మాట ఉంది, స్పష్టంగా ఉంది, సిస్టర్ అనే మాట. అది నోటిదాకా రాలేదు. మళ్ళీ లాగాడు. ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

నాలుగున్నర గంటలు. తిరవియం ప్రతి బంధువుకీ చెప్పే లెక్క అది. పడిపోయిన నాలుగున్నర గంటల్లోపు తీసుకొస్తే ఇంజెక్షన్ ఉంది. పేచ్చిముత్తు పడిపోయింది ఆసుపత్రిలోనే. ఇంజెక్షన్ రెండంతస్తుల కింద ఫ్రిజ్‌లో ఉంది. ఫరవాలేదు, ఎవరో ఒకరు వస్తారు.

వచ్చారు. పదింబావుకి జెబమణి సిస్టర్ వచ్చింది.

"అణ్ణాచ్చీ, టిఫిన్ తిన్నారా?"

పేచ్చిముత్తు ఆమె కళ్ళలోకి చూశాడు. అంత గట్టిగా ఎవరినీ ఎప్పుడూ చూడలేదు.

"అలా గుడ్లురమకండి. తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటున్నాను. నేనేం చేయగలను చెప్పండి? ఆయన సంతకం పెట్టాడు, నేను గీశాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరే, మీ వ్రతం మీరు కానివ్వండి." వెళ్ళిపోయింది.

పదకొండింటికి ఆయా ఇసక్కియమ్మ నేల తుడుస్తూ వచ్చింది. "కాళ్ళెత్తు అణ్ణాచ్చీ."

ఎడమ కాలు లేచింది.

"అబ్బో! ఒక కాలే ఎత్తుతాడట! రెండో కాలికి ఇంకా కోపం దిగలేదు కాబోలు," అని నవ్వుకుంటూ కుడి కాలి చుట్టూ తుడుచుకుని పోయింది. ఆమె తప్పేం లేదు. తప్పేం లేనివాళ్ళే ఒకరి వెనక ఒకరు వచ్చి వెళ్ళారు. ఇద్దరు నర్సులు కళ్ళతో సైగ చేసుకుని చప్పుడు కాకుండా నడిచారు. లిఫ్టు బాయ్ దూరం నుంచే దండం పెట్టాడు. ఇన్నేళ్ళు ఒక్కరూ ఇవ్వని మర్యాద ఆ పూట అందరూ ఇచ్చారు.

పదకొండున్నరకి కదిర్వేలన్ ఒంటరిగా వచ్చాడు. పేచ్చిముత్తుకి సైగ చేయడానికి ఇంకా మాట వింటున్నది ఎడమ చెయ్యి ఒక్కటే. దాన్ని మెల్లగా పైకెత్తాడు. రెండు వేళ్ళు మెడకి ఎడమ పక్క ఆనించాడు. ఆనించి, డాక్టరు మొహంలోకి చూశాడు. ఇంతకంటే తేటగా ఏ రోగీ ఏ డాక్టరుకీ చెప్పి ఉండడు.

కదిర్వేలన్ మొహం నల్లబడింది.

"తెలిసిందిలేవయ్యా, ఎడమే! ఎన్నిసార్లు చూపిస్తావు? నువ్వే గెలిచావు, చాలా?"

వేళ్ళు అక్కడే ఉన్నాయి. చూపు కూడా అక్కడే ఉంది. కదిర్వేలన్ మెట్ల మీదుగా దిగిపోయాడు. మంచివాడే, కిందికెళ్ళి కాంట్రాక్టరుకి ఫోన్ చేయలేదు.

పన్నెండుకి సిస్టర్ మళ్ళీ వచ్చింది. గ్లాసు నిండా కాఫీ తెచ్చింది, తన సొంత ఫ్లాస్కులోది. దాని మీద సాసరు మూతపెట్టి బెంచీ మీద, అతని కుడి చేతి పక్కనే ఉంచింది. "కోపం దిగాక తాగండి. చక్కెర రెండు చెంచాలు వేశాను, మీకిష్టమని," అంది. అతను ఆమె కొంగు పట్టుకోబోయాడు. ఎడమ చెయ్యి గాలిలో సగం దూరం వెళ్ళి ఆగింది. వద్దులే, పో అన్నట్టుగా తోచింది ఆమెకి.

ఒంటిగంటకి తలుపు తెరుచుకుని తోపుడు మంచం మీద కండక్టరు బయటికొచ్చాడు. ఎడమ మెడకి కట్టు, కుడి మెడ మీద మూడు గాట్లు. గోమతి చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు, ఆమె నొప్పి పుడుతోందని నవ్వుతూ ఏడుస్తోంది. తిరవియం వెనక వైపు లిఫ్టులో దిగి, మదురై వెళ్ళే కారెక్కేశాడు. 'తర్వాత' అన్న సంగతి ఆయనకి కోవిల్‌పట్టి దాటాక గుర్తొచ్చి ఉంటుంది, లేదా వచ్చి ఉండదు.

రెండున్నరకి ఇసక్కియమ్మ మళ్ళీ నేల తుడవడానికి వచ్చింది. పేచ్చిముత్తు చొక్కా ముందంతా చొంగతో తడిగా ఉంది. నోరు ఒక పక్కకి లాక్కుపోయింది. ఆమె తుడుపుకర్ర వదిలేసి మెట్ల దగ్గరికి పరిగెత్తి కేక పెట్టింది.

"సిస్టర్! ఇది కోపం కాదు సిస్టర్!"

నాలుగున్నర గంటలు దాటి పది నిమిషాలైంది.

ఆ తర్వాత అన్నీ గబగబా జరిగాయి. అందరూ పరిగెత్తారు, అందరికీ దారి తెలుసు, ఏం చేయాలో అందరికీ తెలుసు. స్కాను తీశారు. మెడలో ఎడమ పక్క పూర్తిగా మూసుకుపోయింది. ఇంజెక్షన్‌కి వేళ మించిపోయింది. తొడలోంచి తీగ పంపించి గడ్డ లాగుదాం, ఆశ లేదు గానీ చూద్దాం అన్నాడు స్కాను డాక్టరు. కదిర్వేలన్ స్లిప్పులు రాస్తూ పోయాడు. రక్తం స్లిప్పు, మందుల స్లిప్పు, సంతకాల స్లిప్పు. అలవాటు కొద్దీ ఇంకొకటి రాశాడు. అది రిసెప్షన్‌కి చేరింది. నిమిషంలో ప్రతి అంతస్తులోనూ మైకు పలికింది.

"పేచ్చిముత్తు, వెంటనే స్కాను గదికి రావాలి. కుడి తొడ గీయాలి, అర్జంటు. పేచ్చిముత్తు, ఎక్కడున్నా వెంటనే రావాలి."

స్కాను గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. కదిర్వేలన్ రెండు చేతుల్తో తల పట్టుకుని గోడ వారన కూలబడ్డాడు. "నాకు చూపించాడు సిస్టర్," అన్నాడు. "మెడ మీద వేళ్ళు పెట్టి నాకే చూపించాడు."

జెబమణి సిస్టర్ చేతులు కడుక్కుంది. ఆయాని పంపి అతని ట్రే తెప్పించుకుంది. బ్లేడు విరిచి బిగించింది, సబ్బు రాసింది. ఈసారి ఒక్క గాటూ పడలేదు. ఆమె గీయడం అయ్యేసరికి గుండె చూపించే యంత్రం మీద గీత తిన్నగా సాగుతోంది. నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

డాక్టరుకి చెప్పాడో లేదో కనుక్కుందామని వచ్చిన వడివు బస్సు దిగి, ఎవరినీ అడక్కుండా నేరుగా మూడో అంతస్తుకి ఎక్కింది. భర్త అలిగితే ఎక్కడ కూర్చుంటాడో ఆమెకి తెలుసు. అక్కడ ఎవరూ లేరు. బెంచీ మీద, సాసరు మూత కింద, మీగడ కట్టిన కాఫీ గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది.